ఆకలి చీటీ, ప్రతీకారపు వోటు

సుజాన్ కాలిన్స్ అనే అమెరికన్ రచయిత్రి యువపాఠకుల కోసం రాసిన 'హంగర్ గేమ్స్' నవలలను నేను మొదటిసారి 2012లో చదివాను. ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతపుస్తకాల కుప్పలో మూడు సంపుటాలూ దొరికితే సికింద్రాబాద్ తెచ్చుకుని వారం రోజుల్లో ముగించాను. మొదటి రెండింటినీ నెత్తిన పెట్టుకున్నాను. మూడవదాన్ని విసిరి అవతల పెట్టాను. 2025లో అదే వరసలో అయిదవ నవల వచ్చిన సందర్భంలో మళ్ళీ మొదటినుంచీ చదివితే, ఈసారి నన్ను పట్టుకుని వదలనిది ఆ మూడవ సంపుటమే. ఈ మార్పుకు మన ప్రాంత చరిత్రతో ఉన్న సంబంధాన్ని చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

కథ తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఉత్తర అమెరికా శిథిలాల మీద లేచిన పానెం అనే రాజ్యంలో ఒక రాజధాని, దానికి కట్టుబానిసలుగా పన్నెండు జిల్లాలు ఉంటాయి. ఎప్పుడో చేసిన తిరుగుబాటుకు శిక్షగా ప్రతి ఏడూ జిల్లాకొక బాలుణ్ణీ, ఒక బాలికనూ చీటీలు తీసి ఎంపిక చేస్తారు. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు ఇరవైనలుగురు ఒకరినొకరు చంపుకోవాలి. ఆఖరికి ఒక్కరే మిగలాలి. దేశమంతా దాన్ని టీవీలో చూడాలి. ఒక రాత్రి టీవీలో చానెళ్ళు మారుస్తూ, ఒకదాంట్లో పోటీ వినోదాన్నీ మరొకదాంట్లో ఇరాక్ యుద్ధాన్నీ చూస్తుండగా ఈ ఆలోచన వచ్చిందని రచయిత్రి చెప్పుకున్నారు. మొదటి సంపుటం 2008లోను, రెండవది 2009లోను, 'మాకింగ్‌జే' అనే మూడవది 2010లోను వెలువడ్డాయి.

మొదటి సంపుటంలో నన్ను కట్టిపడేసింది చీటీల లెక్క. పేదింటి పిల్లలు తమ పేరు మీద అదనంగా ఒక చీటీ వేయించుకుంటే ఒక మనిషికి ఏడాదికి సరిపడే కాసిని గింజలు, నూనె ఇస్తారు. ఆ చీటీలు ఏటేటా పోగుపడతాయి. బొగ్గుగనుల జిల్లాకు చెందిన కథానాయిక కాట్నిస్ పేరు మీద పదహారేళ్ళకు 20 చీటీలు. ఆమె స్నేహితుడు గేల్ పేరు మీద పద్దెనిమిదేళ్ళకు 42. కలిగినవాళ్ళ పిల్లలకు వయసును బట్టి పడేవి తప్ప అదనపు చీటీ ఒక్కటీ ఉండదు. పైకి అందరికీ సమానంగా కనిపించే లాటరీని ఆకలి ఇలా ఒకవైపుకు వంచుతుంది. వర్గసమాజపు న్యాయం గురించి పిల్లలకు ఇంతకంటె తేలికగా ఎవరు చెప్పగలరు?

పంట పండించే పదకొండవ జిల్లాలో ఆ పంటను నోట పెట్టుకున్నవాళ్ళకు కొరడాదెబ్బలు. ఈ ఘట్టం చదువుతుంటే నల్లగొండ జిల్లా నుంచి వచ్చిన మా నాయనమ్మ గుర్తుకొచ్చింది. నిజాం రాజ్యంలో లెవీ ధాన్యం కోసం వచ్చినవాళ్ళు గాదె అడుగుదాకా ఊడ్చుకుపోయిన సంగతి ఆమె చెప్పగా విన్నవాణ్ణి. వెట్టికీ, లెవీకీ, భూముల నుంచి బేదఖళ్ళకూ ఎదురు తిరిగిన రైతుల పోరాటంలో 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. కాలిన్స్ రాసిన భవిష్యత్తు మా ఇంట్లో గతం. అందుకే ఆ పుస్తకాన్ని అంతగా ప్రేమించాను.

మరి మూడవ సంపుటం మీద కోపమెందుకు? అందులో తిరుగుబాటు గెలుస్తుంది గాని, దాని నాయకురాలు కాయిన్ కూడా పాత పాలకుడు స్నోకు తీసిపోనిదని తేలుతుంది. పోరాడిన ప్రజలు చివరికి మరో నియంతనే కంటారన్న పాత బూర్జువా సూత్రమే ఇదీ అని అప్పట్లో మిత్రుల దగ్గర గట్టిగా వాదించాను. ఆ విమర్శను ఈనాటికీ పూర్తిగా ఉపసంహరించుకోను. కాలిన్స్ తిరుగుబాటును పైనుంచి, యుద్ధతంత్రంగా చూశారు. ఊరూరా గుతపల సంఘం పెట్టుకుని నిలిచిన జనం ఆమె కథలో కనిపించరు.

అయితే నేను దాటవేసిన ఘట్టం ఒకటి ఉంది. రాజధాని కూలిన తర్వాత కాయిన్ ఒక ప్రతిపాదన తెస్తుంది: పాత పాలకుల పిల్లలతో చివరిసారిగా అదే ఆట ఆడిద్దాం. ఆటల్లో బతికి బయటపడిన ఏడుగురు వోటు వేస్తారు. నలుగురు సరేనంటారు. వారిలో కాట్నిస్ కూడా ఉంది. ఆ తర్వాత ఆమె బాణం స్నోను వదిలి కాయిన్‌ను కొట్టటం, ఆట జరగకపోవటం వేరే సంగతి.

మొన్న సెప్టెంబరులో నా పుస్తకాలు తీసుకువెళ్ళిన పదవ తరగతి అమ్మాయి వాటిని తిరిగి ఇస్తూ, "ఆ పిల్లలేం చేశారు సార్?" అని అడిగింది. అదే వారం తరగతిలో ఒక కుర్రాడు తోటి ముస్లిం విద్యార్థిని వేళాకోళానికి 'రజాకార్' అని పిలిచాడు. ఈ రెండు మాటలూ నా మనసులో ఒకదానికొకటి తగిలాయి.

1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు సాగిన సైనికచర్యతో నిజాం పాలన కూలింది. రజాకార్ల దౌర్జన్యాలు తక్కువవేమీ కావు. బైరాన్‌పల్లి అందుకు సాక్ష్యం. కాని ఆ చర్యలోను, ఆ తర్వాతా సంస్థానంలోని సాధారణ ముస్లింల మీద సాగిన హింసను విచారించటానికి నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ బృందం, ఎంత తగ్గించి చూసినా 27 వేల నుంచి 40 వేల మంది దాకా ప్రాణాలు కోల్పోయారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాలపాటు ప్రచురించలేదు. 1940లో దేశ్‌ముఖ్ గూండాల చేతిలో చనిపోయిన రైతు బందగీ ముస్లిం అన్న సంగతీ, 1948 ఆగస్టులో రజాకార్ల కత్తులకు బలైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముస్లిం అన్న సంగతీ ప్రతీకారానికి అక్కరలేదు. పాలకుడి మీద తీర్చుకోవలసిన పగ పొరుగువాడి బిడ్డ మీదికి మళ్ళింది. కాయిన్ ప్రతిపాదించిన ఆట మా సంస్థానంలో జరిగిపోయింది.

అదే నివేదికలో మరొక సంగతి ఉంది. కొన్నిచోట్ల హిందూ నేతపనివారు తోటి ముస్లిం నేతపనివారికి అడ్డంగా నిలబడి కాపాడారు. ఒకే వృత్తిలోని వారి మధ్య ఆ ఆత్మీయత బలంగా కనిపించిందని నివేదిక ప్రత్యేకంగా పేర్కొంది. కాలిన్స్ ఇచ్చిన జవాబు ఒక వీరవనిత బాణం. చరిత్ర ఇచ్చిన జవాబు పక్కపక్క మగ్గాల మీద పనిచేసిన మనుషులు. అభ్యుదయ విమర్శకు పట్టవలసిన తేడా ఇదే.

మనం రజాకార్ల గురించి విస్తారంగా రాశాం. రాయవలసిందే. కాని ఆ నేతపనివారి కథను పదిహేనేళ్ళ పిల్ల చదివేటట్టు ఎవరు రాశారు? ఆ అమ్మాయికి ఇవ్వటానికి నా బీరువాలో ఒక్క పుస్తకం దొరకలేదు. మన పిల్లలు తమ తాతల కాలపు ప్రశ్నను అమెరికా నవలలో ఎదుర్కొంటున్నారంటే తప్పు ఆ నవలది కాదు. మర్నాడు పాఠం పక్కన పెట్టి, బందగీ దగ్గర మొదలుపెట్టి ఆ మగ్గాల దాకా నాకు తెలిసినంత చెప్పాను. 'రజాకార్' అని పిలిచిన కుర్రాడు తలవంచుకుని విన్నాడు. ఒక పీరియడ్ సరిపోలేదు.