పారిసు చాకిరేవు కథ

మహాపురుషుల జీవితములచుట్టు కథలు అల్లుకొనుట లోకసహజము. గోరంత కొండంత యగును. నోటనోట చిలవలు పలవలు పుట్టును. చరిత్రమునకును పుక్కిటి పురాణమునకును గల భేదమును గ్రహించుటకు పండిత జవాహర్‌లాల్ నెహ్రూగారిని గూర్చిన రెండు కథలు చక్కని నిదర్శనములు.

నెహ్రూగారును, వారి తండ్రి మోతీలాలుగారును తమ బట్టలను వారమువారము పారిసుకు పంపి ఉదికించి తెప్పించుకొనెడివారని మొదటి కథ. నెహ్రూగారు ఇంగ్లండు యువరాజుతో ఒకే పాఠశాలలో చదివిరనియు, 1921లో ఆ యువరాజు భారతదేశమునకు వచ్చి తన సహాధ్యాయి యెక్కడనని అడుగగా, చెఱసాలలో నున్నాడని తెలిసెననియు రెండవ కథ.

ఈ రెండింటిని నెహ్రూగారే 1936లో వెలువడిన తమ స్వీయచరిత్రలో ఖండించిరి. వారి మాట అటుంచినను, లెక్క చూచిన నిజము తేలును. ఆనాడు బొంబాయినుండి మార్సేల్సుకు ఓడలో పోవుటకే సుమారు రెండు వారములు పట్టెడిది. ఉదుకుటకు పోయిన చొక్కా తిరిగి వచ్చుటకు నెల దాటును. ఇక నెహ్రూగారు 1889లో జన్మించి, 1905లో హారో పాఠశాలలో చేరి, 1907లో కేంబ్రిడ్జికి పోయిరి. 1894లో జన్మించిన యువరాజు ఎడ్వర్డు 1907లో చేరినది ఆస్బర్న్ నావికా కళాశాలలో. రెండవ కథలో సత్యమైనది చెఱసాల యొక్కటియే. యువరాజు దేశమున పర్యటించుచుండగా, 1921 డిసెంబరు 6వ తేదీన నెహ్రూగారు నిర్బంధింపబడిరి.

మఱి యీ కథలు ఏల పుట్టినవి? త్యాగము గొప్పదని చాటుటకు, విడిచిన భోగమును పెంచి చెప్పుట ప్రజలకు అలవాటు. కాని వాస్తవము ఆ కథలకు తీసిపోదు. మోతీలాలుగారు అపారమైన ఆదాయము నిచ్చు న్యాయవాదవృత్తిని విడిచిరి. 1930లో తమ ఆనందభవనమును జాతికి అర్పింపగా అది స్వరాజ్యభవన మయ్యెను. జవాహర్‌లాలుగారు 9 పర్యాయములు చెఱకేగి, సుమారు 9 సంవత్సరములు అచట గడపిరి.

కల్పన మొదట పొగడ్తగా పుట్టి, పిదప నిందగా మాఱును. త్యాగమును కీర్తించుటకు చెప్పిన ఆ బట్టల కథనే, తరువాతివారు భోగమును దెప్పుటకు వాడుకొనిరి. చెఱసాల దినములను మాత్రము ఎవరును అటుల త్రిప్పి చెప్పజాలరు. కనుక నాయకుని గూర్చి యేకథ విన్నను, ఎప్పుడు, ఎక్కడ, చూచినవారెవరు అని అడుగుట అవిశ్వాసము కాదు. ఆధారపత్రము లేని మాటను ఫైలులో చేర్చని ఉద్యోగికి ఈ నియమము క్రొత్తది కానేకాదు. నిజమైన గొప్పతనమునకు ఈ ప్రశ్నలవలన లోటు రాదు. మీదుమిక్కిలి వన్నె హెచ్చును.