ప్రార్థన కొండ మీద ఐదుగురు



మా సంఘంలో ఒక సహోదరి భర్తకు కిడ్నీలు పాడయ్యాయి. రెండేళ్లు ప్రార్థించాము. ఉపవాస కూటాలు పెట్టాము, ఇంటింటా రాత్రి ప్రార్థనలు చేశాము. ఆయన బ్రతకలేదు. భూస్థాపన అయిన తరువాత ఆదివారం ఆమె నన్ను అడిగింది: "అయ్యగారూ, మనం ఏమన్నా తప్పుగా అడిగామా? నా విశ్వాసం చాలలేదా?"

ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ఆ తరువాత కొన్ని నెలలు స్వస్థత కోసం నలుగురిలో ప్రార్థించడానికి నాకు నోరు రాలేదు. కాపరినై ఉండి ఈ మాట చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఆ దినాల్లో ఒంగోలు ప్రార్థన కొండ చరిత్రను మళ్లీ చదివాను.

ఆ సంగతి మనకు తెలిసిందే. కాని మనం దానిని సగమే చెప్పుకుంటాం. ఐదుగురు మోకరించారు, వేలమంది వచ్చారు, హల్లెలూయ! మధ్యలో గడిచిన సంవత్సరాలను వదిలేస్తాం.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున శామ్యూల్ డే గారు 1836లో తెలుగు దేశానికి వచ్చారు. 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్ల తరబడి సువార్త చెప్పినా ఫలం బహు కొద్ది. ఆరోగ్యం చెడి 1853లో స్వదేశానికి వెళ్లిపోయారు. అదే సంవత్సరం అక్కడి మిషన్ పెద్దలు ఈ పని మూసివేద్దామా అని చర్చించారు. పటం మీద తెలుగు దేశంలో వారికున్నది నెల్లూరు ఒక్కటే. అందుకే దీనికి 'ఒంటరి నక్షత్రం' అనే పేరు వచ్చింది. చివరకు మూయకుండా వదిలారు.

1854 జనవరి 1న, తెల్లవారకముందే, ఐదుగురు ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కారు: లైమన్ జ్యువెట్ గారు, ఆయన భార్య, ఈ దేశపు విశ్వాసులైన నరసు, జూలియా, రూతు. ఒంగోలుకు ఒక సేవకుని పంపమని దేవుని అడిగారు.

ఆ సంవత్సరం ఎవరూ రాలేదు. మరుసటి సంవత్సరమూ రాలేదు. 1862లో అమెరికాలో మళ్లీ మూసివేత మాట లేచింది. అప్పుడు అక్కడున్న జ్యువెట్ గారు, మీరు పంపకపోయినా నేను తెలుగువారి మధ్యకే తిరిగి వెళ్తానని గట్టిగా నిలబడ్డారు. జాన్ క్లౌ గారు 1865లో ఇండియాకు వచ్చి, 1866లో ఒంగోలులో కాపురం పెట్టారు. అడిగిన ఒక్క మనిషి రావడానికి పన్నెండేళ్లు పట్టింది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

వచ్చిన జవాబైనా అనుకున్న రూపంలో రాలేదు. పట్నంలోని బ్రాహ్మణ కుటుంబాలవారు తమ పిల్లలకు బడి కావాలన్నారు. క్లౌ దంపతులు సంతోషించారు. అంతలో యెర్రగుంట్ల పేరయ్య గారి సాక్ష్యం వల్ల పల్లెల నుండి మాదిగలు విశ్వాసులై రాసాగారు. వారిని చేర్చుకుంటే మేము రామన్నారు పెద్ద కులాలవారు. భార్యాభర్తలు వేర్వేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనబడిందని క్లౌ గారు తరువాత చెప్పుకున్నారు. అది 1 కొరింథీ 1:26-29. లోకం లెక్కలోకి తీసుకోనివారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాట అది. వారు పల్లెనే ఎంచుకున్నారు. మనలో ఎంతోమంది తాతముత్తాతలు ఆ తలుపులోంచి లోపలికి వచ్చినవారే.

తరువాత 1876-78 కరువు. మద్రాసు రాజధానిలో లక్షలాది మంది చనిపోయారు. వారిలో ప్రార్థించినవారు లేరా? బిడ్డను ఒడిలో పెట్టుకుని వాన కోసం మొరపెట్టిన తల్లులు లేరా? క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించారు. బాప్తిస్మం అడిగినవారిని మాత్రం ఆగమన్నారు. అన్నం కోసం చేరారనే మాట రాకూడదని సంవత్సరానికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. సహాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఇందుకోసమే దేవుడు కరువు పంపాడని నేను చెప్పను. పోయిన బిడ్డకు ఏ లెక్కా సరితూగదు. ఆ సంగతి నాకు బోధపడలేదు, బోధపడినట్టు నటించను.

అయితే ఒకటి గమనించాను. ఆ దినాన్ని చూడటానికి జ్యువెట్ గారు బ్రతికి ఉన్నారు. డే గారు 1871లోనే కన్నుమూశారు. ఇద్దరూ అడిగినది ఒకే దేవుని, ఒకే ప్రజల కోసం. ఒకరు చూశారు, ఒకరు చూడలేదు. డే గారి విశ్వాసం తక్కువైందని ఎవరనగలరు? హెబ్రీ 11వ అధ్యాయం చివర చూడండి. వాగ్దాన ఫలం చేతికి అందకుండానే చనిపోయినవారు కూడా మంచి సాక్ష్యం పొందినవారి వరుసలోనే ఉన్నారు. పౌలు ముల్లు కోసం మూడుసార్లు వేడుకున్నాడు, ముల్లు పోలేదు. గెత్సేమనేలో మన ప్రభువే అడిగాడు, గిన్నె తొలగలేదు. ఆయన విశ్వాసం చాలలేదని అందామా?

అందుకని ప్రియులారా, జవాబు రాని ఇంటికి వెళ్లినప్పుడు వారి విశ్వాసాన్ని తూకం వేయకండి. పక్కన కూర్చోండి.

ఆ సహోదరి ఇంటికి వెళ్లి ఈ మాటే చెప్పాను: "అమ్మా, మనం తప్పుగా అడగలేదు. నీ విశ్వాసం చాలకపోవడం కాదు." ఆమె చాలాసేపు ఏడ్చింది. ఎందుకు ఇవ్వలేదని ఆమె ఇంకా అడుగుతూనే ఉంది, నేనూ అడుగుతున్నాను. మొన్న బుధవారం కూటంలో డయాలసిస్‌కు వెళ్తున్న పక్క ఊరి అబ్బాయి కోసం ప్రార్థించమన్నప్పుడు, ముందుగా నోరు తెరిచింది ఆమే. ఆమె వెనుక నేనూ ప్రార్థించాను.

చూడకపోయినా నిన్ను విడువకుండా ఉండే కృప మాకు దయచేయుము తండ్రీ. ఆమేన్.