టేపును వెనుకకు చుట్టుట

సినిమా ముగిసినంతనే ప్రేక్షకులు లేచి పోవుదురు. వెనుక గదిలోని ఆపరేటరునకు మాత్రము పని మిగిలియే యుండెడిది. ప్రొజెక్టరులో నడచిన రీలునకు కథాంతము పైకి, ఆరంభము లోపలికి వచ్చును. దానిని మరల వెనుకకు త్రిప్పి చుట్టనిదే తరువాతి ఆట లేదు. ఈ చుట్టుట ప్రొజెక్టరు మీద జరుగలేదు. గోడవార నొక బల్ల, దానిపై రెండు ఇరుసులు, ఒక చేతిపిడి. అదియే ఆనాటి రివైండరు. వేయి అడుగుల రీలు తెరమీద సుమారు 11 నిమిషములు నడచును. దానిని చుట్టునపుడు ఆపరేటరు ఫిల్ము అంచులను రెండు వ్రేళ్ళ నడుమ నుండి పోనిచ్చెడివాడు. చిరిగిన రంధ్రము, ఊడిన అతుకు వ్రేలికి తగిలినచో ఆగి, కత్తిరించి, అతికించెడివాడు. ఆంధ్రదేశపు టూరింగు టాకీసులలో పలుచోట్ల ప్రొజెక్టరు ఒక్కటియే. రీలు మార్చునప్పుడెల్ల దీపములు వెలుగుటయు, జనము కేకలు వేయుటయు పెద్దవారికి జ్ఞాపక ముండును. అంత తొందరలోను ఆ రెండు వ్రేళ్ళు తమ పని మానలేదు. అనగా వేరు రివైండరు పుట్టినది యంత్రమును కాపాడుటకు మాత్రమే కాదు, ఫిల్మును పరీక్షించుటకు కూడ.

అయస్కాంతపు టేపు వచ్చి ఈ పద్ధతిని మార్చినది. 1898లో డెన్మార్కు దేశీయుడు పౌల్సెన్ ఉక్కుతీగెపై శబ్దమును నిలిపెను. 1928లో జర్మనీలో ఫ్లాయ్‌మర్ కాగితపు పట్టీపై ఇనుపపొడి పూసి టేపునకు దారి చూపెను. 1935లో బెర్లినులో ప్రదర్శింపబడిన మాగ్నెటోఫోను ఆ త్రోవలోనిదే. ఇట్టి యంత్రములలో వినిపించు యంత్రమే వెనుకకును చుట్టును. బల్లయు, చేతిపిడియు, వ్రేళ్ళును ఒక్కసారిగా అక్కరలేనివైనవి.

1956లో అమెరికాలో ఆంపెక్స్ సంస్థ చూపిన వీడియో యంత్రము రెండంగుళముల వెడల్పు గల టేపుతో నడచినది. అది టెలివిజను కేంద్రముల సొత్తు. 1976లో జపానునుండి వచ్చిన వీహెచ్ఎస్ క్యాసెట్టు సామాన్యుని యింటికి చేరెను. మన దేశమున 1982 ఆసియా క్రీడల నాటినుండి వీడియోకు గిరాకి పెరిగినది. వీధివీధికి క్యాసెట్ల దుకాణములు వెలసెను. మూడు గంటల క్యాసెట్టులో సుమారు 250 మీటర్ల టేపుండును. అద్దెకు తెచ్చినవారు చుట్టకుండ తిరిగి యిచ్చినచో దుకాణదారునకు విసుగు. ఖరీదైన వీసీఆరును ఈ గాడిద చాకిరికి వాడుటకు అతనికి మనసొప్పదు. అందుచే రివైండరు మరల పుట్టినది. ఈమారు దానికి మోటారు కలదు, వ్రేళ్ళు లేవు.

కెమెరా విషయము మరింత చిక్కు. 1983లో సోనీ తెచ్చిన బీటామూవీ బొమ్మను తీయునే గాని చూపజాలదు. 1985లో 8 మిల్లీమీటర్ల టేపు, 1995లో అంతకంటె సన్నని డీవీ టేపు వచ్చెను. ఇంత చిన్న కెమెరాలో టేపును చుట్టినచో మోటారు నలుగును, హెడ్లు అరుగును, బ్యాటరీ తరుగును అని కొందరు వాదించిరి. బ్యాటరీ మాట నిజమే. హెడ్ల మాటలో సగమే నిజము. టేపు డ్రమ్మును తాకుచున్నప్పుడే హెడ్లు అరుగును. కొన్ని యంత్రములు టేపును ముందుగా క్యాసెట్టులోనికి లాగుకొని పిమ్మట చుట్టును. అక్కడ హెడ్లకు హాని లేదు. కొన్నిటిలో టేపు డ్రమ్మును చుట్టియే యుండును. బొమ్మను చూచుచు వెనుకకు పరుగెత్తించుట ఎక్కడనైనను అరుగుదలయే. పెండ్లి క్యాసెట్టులో తాళికట్టు ఘట్టముకై పదిమార్లు వెదకిన ఇండ్లలో హెడ్లు అరిగినచో నేరము చుట్టుటది కాదు!

చౌక రివైండరు దోషము వేరు. వీహెచ్ఎస్ యంత్రము టేపు చివరనున్న పారదర్శకపు ముక్కగుండ వెలుతురు ప్రసరించుట గుర్తించి తనంతట ఆగును. అట్టి కన్ను లేని చౌకరకము టేపు బిగిసి లాగినపుడే ఆగును. ఆ కుదుపునకు టేపు ఇరుసునుండి ఊడిపోవచ్చును. అమిత వేగమున ఎగుడుదిగుడుగా చుట్టబడినచో అంచులు నలుగును. దుకాణదారునకు అది చిన్న నష్టము. సినిమాకు వేరొక ప్రతి దొరకును. కెమెరా టేపునకు వేరొక ప్రతి యేదీ? మోటారును కాపాడబోయి టేపును పోగొట్టుకొనుట లాభసాటి బేరము కాదు. కెమెరా టేపునకు దానిని తీసిన కెమెరాయే తగిన రివైండరని చెప్పవలెను.

2016 జూలైలో జపానులోని ఫునాయ్ సంస్థ వీసీఆరుల తయారీ మానినది. దానితో లెక్క తలక్రిందైనది. ఇప్పుడు నడచు యంత్రము దొరకుటయే అరుదు. దాని హెడ్లు నిజముగనే విలువైనవి. ఐనను ప్రవాసాంధ్రుల యిండ్ల బీరువాలలో అన్నప్రాశనలు, ఉగాది నాటకములు, వెళ్ళిపోయిన అమ్మమ్మల కంఠస్వరములు ఈ క్యాసెట్లలోనే యున్నవి. ఇరువది ముప్పది యేండ్లు కదలని టేపును తీసి తటాలున రివైండరులో వేయరాదు, కెమెరాలోనైనను వేయరాదు. ముందుగా క్యాసెట్టు గవాక్షమునుండి చూడవలెను. చుట్ట అంచున తెల్లని బూజు కనిపించినచో అది శుభ్రపరచు నేర్పరి పని. బూజు లేనిచో మంచి యంత్రములో ఒకమారు చివరివరకు ముందునకు, మరల వెనుకకు చుట్టి, బిగువు సరిచేసి, వెంటనే ప్రతి తీయించవలెను. ఆపరేటరు రెండు వ్రేళ్ళకు ఇక్కడ చోటు లేదు, టేపు ముఖమును తాకరాదు గనుక. పరీక్ష యంతయు కంటితోనే.