చల్లారిన ఆల్విన్

హైదరాబాద్‌లో యాభై ఏళ్లు దాటినవాళ్లకి ఆల్విన్ గురించి చెప్పక్కర్లేదు. పడకగదిలో బీరువా ఆల్విన్‌ది. వంటింట్లో ఫ్రిజ్ ఆల్విన్‌ది. రోజూ ఎక్కిన డబుల్ డెక్కర్ బస్సుకి బాడీ కట్టింది ఆల్విన్. పరీక్ష పాసైతే చేతికి కట్టిన గడియారమూ ఆల్వినే. ఇవాళ ఆ పేరు కూకట్‌పల్లి దగ్గర ఒక కాలనీకి, మియాపూర్ దగ్గర ఒక చౌరస్తాకి మిగిలింది. అక్కడ బస్సు దిగే కుర్రాళ్లలో చాలామందికి అది ఒక ఫ్యాక్టరీ పేరని కూడా తెలియదు.

రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 1942 జనవరిలో, నిజాం ప్రభుత్వపు ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్, అల్లాఉద్దీన్ అండ్ కంపెనీ చేతులు కలిపి హైదరాబాద్ ఆల్విన్ మెటల్ వర్క్స్‌ను పెట్టాయి. బోధన్‌లో చక్కెర, వరంగల్‌లో ఆజంజాహి బట్టల మిల్లు, సిర్పూర్‌లో కాగితం, ఇక్కడ లోహం. మన వస్తువు మనమే చేసుకోవాలన్న పట్టుదల ఆ కాలానిది. నిజాం రాష్ట్ర రైల్వే 1932లో 27 ఆల్బియన్ బస్సులతో మొదలుపెట్టిన రోడ్డు రవాణా పెరిగి పెద్దదవుతుంటే, ఆ బస్సులకు ఒళ్లు తొడిగే పని సనత్‌నగర్‌లోని ఆల్విన్‌కి వచ్చింది. దాంతోపాటే ఉక్కు కుర్చీలు, బల్లలు, బీరువాలు.

బీరువా గురించి కాస్త ఆగి చెప్పాలి. దాని రేకు మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. దాని మీద మామూలు వెల్డింగ్ రాడ్ పెడితే చిల్లు పడి ఊరుకుంటుంది. అందుకే స్పాట్ వెల్డింగ్ వాడతారు. రెండు రేకుల్ని రెండు రాగి మొనల మధ్య గట్టిగా నొక్కి, సెకనులో చిన్న వంతు సేపు కరెంటు పంపిస్తే ఆ చుక్క దగ్గర రెండూ కరిగి ఒకటవుతాయి. పైన రంగు పడ్డాక ఆ చుక్క కంటికి కనబడదు, కానీ తలుపు ముప్పై ఏళ్లు ఊగకుండా నిలబడేది దాని వల్లే. నొక్కుడు తక్కువైతే రేకుల మధ్య నిప్పురవ్వలు చిమ్ముతాయి, ఎక్కువైతే అతుకు పలచబడుతుంది. ఆ మధ్యస్థం ఎక్కడుందో చేతికి తెలియాలంటే పక్కన తెలిసిన మనిషి నిలబడి చూపించాలి.

ఆ పక్కన నిలబడే మనిషి లేకుండా పోవడమే నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది.

ఇప్పుడు మేడ్చల్ హైవే పొడుగునా, రాజీవ్ రహదారి మీద తూంకుంట దాటి శామీర్‌పేట దాకా ఫ్యాబ్రికేషన్ షెడ్లు కనిపిస్తాయి. గేట్లు, గ్రిల్స్, మెట్ల రెయిలింగులు. అలాంటి చోట ఒక కుర్రాడు మొదటిసారి ఇనప టేబుల్ చేస్తున్నాడనుకోండి. స్క్వేర్ పైపు కోసి, నాలుగు మూలలకీ టాకాలు వేస్తాడు. కర్ణాలు రెండూ టేపు పెట్టి కొలవాలనీ, అవి సమానమయ్యాకే పూర్తి వెల్డింగ్ మొదలుపెట్టాలనీ అతనికి ఎవరూ చెప్పి ఉండరు. ఒక మూల పూర్తి చేసి, ఉత్సాహం కొద్దీ దాని పక్క మూల, ఆపైన దాని పక్కది. కరిగిన లోహం చల్లారుతూ ముడుచుకుంటుంది. ముడుచుకుంటూ పైపుని తనవైపు లాక్కుంటుంది. ఒకే వరసలో పోకుండా ఎదురు మూలకి మారుతూ వేసి ఉంటే ఈ లాగుడు సర్దుకునేది. స్లాగ్ కొట్టి చూస్తే అతుకు బాగానే కనబడుతుంది, కానీ టేబుల్ నేల మీద పెడితే ఒక కాలు గాల్లో ఉంటుంది. నల్లద్దం లేకుండా చేశాడేమో, రాత్రికి కళ్లు ఇసుక పోసినట్టు మండుతాయి. ఆ ఒక్క కాలి కోసం మర్నాడు గ్రైండర్ పట్టుకుని అరిగిస్తాడు.

సరైన శిక్షణ ఉన్నచోట ఇది మొదటి వారంలోనే సరిదిద్దే తప్పు. 1961 అప్రెంటిస్‌ల చట్టం ఆల్విన్ లాంటి ఫ్యాక్టరీల మీద ఆ శిక్షణ బాధ్యత పెట్టింది కూడా. వస్తువు చేస్తూనే మనిషిని తయారుచేసే చోటు పెద్ద ఫ్యాక్టరీ. దాన్ని మూసేసినప్పుడు లెక్కల్లో కనిపించేది వస్తువు నష్టం ఒక్కటే.

ఆల్విన్ ఒక్క రోజులో కూలలేదు. నిజాం కాలం పోయాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థగా మారి, పేరుతోపాటు ఆశలూ పెంచుకుంది. 1981లో జపాన్ సీకో సహకారంతో గడియారాలు. జహీరాబాద్‌లో నిస్సాన్‌తో కలిసి తేలికపాటి వాణిజ్య వాహనాలు. మరోపక్క ఫ్రిజ్‌లు. దేనికది పెద్ద పెట్టుబడి అడిగే రంగం, దేనికది గట్టి పోటీ. 1987లో టైటాన్ గడియారాలు దుకాణాల్లోకి వచ్చాయి. వాహనాల యూనిట్ 1980ల చివర్లో మహీంద్రా చేతికి పోయింది. 1991 తర్వాత మార్కెట్ తలుపులు తెరుచుకుంటే, అప్పుల్లో ఉన్నవాడు కొత్తవాళ్లతో పరుగెత్తలేకపోయాడు. సంస్థ ఖాయిలా పడింది, అలాంటి సంస్థల సంగతి తేల్చే బీఐఎఫ్‌ఆర్ గడప ఎక్కింది. 1990ల మధ్యకల్లా ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌కి వెళ్లింది. కొంతకాలం ఫ్రిజ్‌ల మీద ఆల్విన్ పేరు నిలిచి, అదీ పోయింది.

కార్మికులు పనిచేయక మునిగిందన్న మాట నేను చాలాసార్లు విన్నాను. నేను ఒప్పుకోను. ఆ చేతులు చేసిన బీరువాలు ఇంకా ఇళ్లలో తలుపు జారకుండా ఉన్నాయి. ఎక్కడ డబ్బు పెట్టాలో, ఎక్కడ ఆగాలో నిర్ణయించింది ఆ చేతులు కావు. తనకి బాగా తెలిసిన రేకు పనినీ, బస్సు బాడీనీ మూలస్తంభాలుగా చూసుకోకుండా నాలుగు దిక్కులకీ పరుగెత్తించిన నిర్ణయాలు పైనుంచి వచ్చాయి. డబుల్ డెక్కర్లు కూడా 2003 నాటికి నగరం రోడ్ల మీద లేకుండా పోయాయి. 2023లో విద్యుత్ బస్సులుగా తిరిగొచ్చాయి. ఈసారి వాటిని కట్టింది ఆల్విన్ కాదు.

చుట్టుపక్కల మిగతా ప్రభుత్వ ఫ్యాక్టరీల పేర్లూ చూడండి. బాలానగర్ ఐడీపీఎల్, చింతల్ హెచ్‌ఎంటీ. ఒకప్పుడు షిఫ్టు సైరన్‌తో నిద్రలేచిన బస్తీలు. అటు వరంగల్‌లో ఆజంజాహి మిల్లు కూడా 2002లో మూతపడింది. పని నేర్పడానికి హైదరాబాద్‌లో బాలానగర్ సీఐటీడీ లాంటి శిక్షణ సంస్థలు ఉన్నాయి, అవి మంచివే. కానీ శామీర్‌పేట షెడ్డులో రోజుకూలీకి హోల్డర్ పట్టుకున్న కుర్రాడు అక్కడిదాకా పోలేడు. వాడికి కావలసింది పక్కనుండి, ‘ముందు కర్ణం కొలువు’ అనే ఒక పెద్దమనిషి.

ఆల్విన్ కూలుతున్న రోజుల్లో ఇరవయ్యేళ్ల అప్రెంటిస్‌గా ఉన్నవాడికి ఇప్పుడు యాభై దాటాయి. ఇంకా పనిచేయగల వయసే.