గనిలో భయం, గాలిలో భారం

విద్యార్థులారా, బొగ్గుగని అనగానే మీకు నల్లటి ధూళి గుర్తుకు వస్తుంది. గని కార్మికుడు ఎక్కువగా భయపడేది మాత్రం రంగూ వాసనా లేని మీథేన్‌కు. బొగ్గుతో పాటే పుట్టిన ఈ వాయువు బొగ్గు పొరలోని అతి సన్నని రంధ్రాల్లో పీడనంతో అణగి ఉంటుంది. తవ్వగానే పీడనం తగ్గి బయటపడుతుంది. గాలిలో 5 నుంచి 15 శాతం దాకా చేరిందంటే ఒక్క నిప్పురవ్వ చాలు.

1812లో ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో జరిగిన పేలుడులో 92 మంది చనిపోయారు. ఆ తరువాత 1815లో హంఫ్రీ డేవీ, మంట చుట్టూ సన్నని లోహపు వల అమర్చిన రక్షక దీపాన్ని తయారుచేశాడు. వల వేడిని లాగేస్తుంది కనుక మంట బయటి వాయువుకు అంటుకోదు. అయితే ఆ దీపాన్ని చూపించి, అంతవరకూ ప్రమాదకరమని వదిలేసిన పొరల్లోకి కూడా యజమానులు కూలీలను దింపారు! ఈ సంగతి పాఠ్యపుస్తకాల్లో అరుదుగా కనిపిస్తుంది.

దీపం కన్నా నమ్మదగిన రక్షణ గాలి. పెద్ద పెద్ద ఫ్యాన్లతో గనిలో గాలి ఆడించి, మీథేన్‌ను పలచన చేసి పైకి పంపేస్తారు. మన దేశంలో 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు భూగర్భ గనులను మూడు తరగతులుగా విభజించాయి. టన్ను బొగ్గుకు 10 ఘనపు మీటర్లకు మించి వాయువు వెలువడేవి మూడో తరగతి. అంటే, అత్యంత ప్రమాదకరమైనవి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఫ్యాను పైకి పంపిన మీథేన్ ఏమయింది? కార్మికుడు బతికాడు, వాయువు మాత్రం వాతావరణంలో కలిసింది. వందేళ్ల లెక్కన ఒక టన్ను మీథేన్ సుమారు 28 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. దాన్నే మండిస్తే వెలువడేది 2.75 టన్నుల కార్బన్ డయాక్సైడ్ మాత్రమే. కానీ ఫ్యాను గాలిలోని మీథేన్ సాధారణంగా ఒక శాతం కూడా ఉండదు. అంత పలచని వాయువు మామూలుగా మండదు. కాబట్టి గాలిలో కలవకముందే దాన్ని పట్టుకోవాలి.

ధన్‌బాద్ దగ్గరి మూనిడీ గనిలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో ఆ పని చేసి చూశారు. పొరల్లోకి బోరు వేసి తీసిన వాయువుతో జనరేటర్ నడిపి, 2008లో గని కాలనీకి విద్యుత్తు ఇచ్చారు.

అయితే 1970ల్లో గనులను జాతీయం చేసిన తరువాత మన బొగ్గు ఉత్పత్తి క్రమంగా ఉపరితల గనుల వైపు మళ్లింది. ఇప్పుడు అధిక భాగం అక్కడినుంచే వస్తోంది. పైపొరల్లో టన్నుకు వెలువడే మీథేన్ తక్కువే. కానీ అక్కడ ఫ్యానూ లేదు, వాయువు ఒకచోట చేరే దారీ లేదు. తవ్వకం మొదలుకాక ముందే బోరు వేస్తే తప్ప దాన్ని పట్టుకోవడం కష్టం.