కూతురు ఎక్కిన గద్దె



హోసూరు పాత సంగతులు తెలిసిన పెద్దల్ని అడిగితే బ్రెట్ దొర పేరు చెబుతారు. 19వ శతాబ్దంలో సేలం కలెక్టరుగా ఉన్న ఆయన హోసూరులో కట్టించిన భవనానికి కెనిల్‌వర్త్ కోట అని పేరు వచ్చింది. అసలు కెనిల్‌వర్త్ ఇంగ్లండులో ఉంది. 1575లో మొదటి ఎలిజబెత్ రాణి అక్కడ పంతొమ్మిది రోజులు విడిది చేసింది. 1600 డిసెంబరు 31న లండను వర్తకులకు తూర్పు దేశాల వ్యాపారానికి పట్టా రాసిచ్చింది కూడా ఆమే. ఆ వర్తకుల కంపెనీయే 1792లో టిప్పు సుల్తాను దగ్గర కృష్ణగిరితో సహా బారామహలును, 1799లో హోసూరును పుచ్చుకుంది. అందుచేత ఈ రాణుల కథ మనకు మరీ పరాయిది కాదు.

ఎలిజబెత్ తండ్రి ఎనిమిదో హెన్రీ కొడుకు కోసం ఆరు పెళ్ళిళ్ళు చేసుకున్నాడని మీరు వినే ఉంటారు. ఇద్దరు కూతుళ్ళ తరువాత ఒక కొడుకు కలిగాడు. తొమ్మిదేళ్ళకే రాజై, 1553లో పదిహేనేళ్ళకే పోయాడు. అక్కల్ని తప్పించాలని కొందరు జేన్ గ్రే అనే బంధువుల అమ్మాయిని గద్దె ఎక్కించారు. తొమ్మిది రోజుల ముచ్చట! మరుసటి ఏడు పాపం ఆ పిల్ల తల తీశారు. పెద్దక్క మేరీ ఐదేళ్ళు ఏలి 1558లో సంతానం లేకుండా చనిపోయింది. అప్పుడు గాని ఎలిజబెత్ వంతు రాలేదు. ఎవరికీ అక్కరలేని ఆ కూతురు పెళ్ళి చేసుకోకుండా నలభై నాలుగేళ్ళు రాజ్యం చేసింది. 1603లో ఆమె పోయాక కిరీటం ఎవరికి దక్కిందంటారు? ఆమె శిరచ్ఛేదం చేయించిన స్కాట్లండు రాణి మేరీ కొడుక్కి.

అక్కడి నియమం ఒక్కటే. కొడుకు చిన్నవాడైనా ముందు, కూతురు పెద్దదైనా వెనుక. కొడుకులు లేకపోతేనే కూతురు. ఆన్ రాణి పదిహేడుసార్లు గర్భం దాల్చినా ఒక్క బిడ్డా దక్కలేదు. 1714లో ఆమె మరణించగానే జర్మనీలోని హానోవరు నుంచి జార్జిని పిలిపించుకున్నారు. 1837 జూన్ 20న పద్దెనిమిదేళ్ళ విక్టోరియా రాణి అయ్యిందంటే, పెదతండ్రులకు వారసులు మిగలకపోవడం వల్లనే. విచిత్రం చూడండి, అదే రోజు హానోవరు రాజ్యం మాత్రం ఆమె చెయ్యి జారింది. అక్కడ ఆడవాళ్ళకు గద్దె లేదు కాబట్టి అది చిన్నాన్నకు పోయింది.

ఈ విక్టోరియాయే 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో మనకు చక్రవర్తినిగా ప్రకటింపబడింది. ఆ రోజుల్లోనే సేలం జిల్లా కరువుతో మలమల మాడుతోంది. కరువు ముగిసిన 1878లో మన తొరపల్లిలో పుట్టిన రాజాజీ ఆమె ప్రజగా పుట్టి, చివరికి గవర్నరు జనరలు కుర్చీలో కూర్చున్నారు. సరే, ఆ కథ వేరు. 1901 జనవరి 22న విక్టోరియా చనిపోయినప్పుడు ఆమె పెద్ద బిడ్డ బ్రతికే ఉంది. ఆడపిల్ల! కిరీటం ఏడాది చిన్నవాడైన తమ్ముడు ఎడ్వర్డుకు పోయింది. అరవై మూడేళ్ళు ఏలిన తల్లి కూడా కూతురికి ఇవ్వగలిగింది ఏమీ లేదు.

మన కాకతీయ రుద్రమదేవిదీ ఇదే దారి. గణపతిదేవునికి కొడుకులు లేరు. ఆమె రుద్రదేవ మహారాజుగా మగపేరు పెట్టుకుని ఏలింది. ఆమె మరణాన్ని 1289 నాటి చందుపట్ల శాసనం చెబుతుంది. తరువాత రాజ్యం కూతురు కొడుకు ప్రతాపరుద్రునిది. కూతురిది కాదు.

1952లో రెండో ఎలిజబెత్ రాణి అయ్యేనాటికి మనది గణతంత్రం. 2022 సెప్టెంబరు 8న ఆమె పోయాక పెద్ద కొడుకు చార్లెస్ రాజయ్యాడు. ఈలోగా 2013లో అక్కడి చట్టం మారింది. 2011 అక్టోబరు 28 తరువాత పుట్టిన వారిలో ఆడా మగా తేడా లేకుండా ముందు పుట్టినవారిదే ముందు హక్కు. విలియం కూతురు షార్లెట్‌ను 2018లో పుట్టిన తమ్ముడు దాటలేకపోయాడు.

ఈ మాట చెబితే మా తరగతిలో ఆడపిల్లలు, "మరి మాకో, సారూ?" అంటారు. న్యాయమైన ప్రశ్న. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతో వాటా మన దగ్గర అంతకు ముందే వచ్చింది. అయితే మన ఎల్లలో అది మూడు తేదీలతో వచ్చింది. కుప్పం వైపు 1985 సెప్టెంబరు 5 నుంచి, హోసూరు, కృష్ణగిరులలో 1989 మార్చి 25 నుంచి, అత్తిబెలె దాటితే 1994 జూలై 30 నుంచి. ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకు మాత్రం లేదు. అంటే ఒకే ఏడు పెళ్ళయిన ముగ్గురు మేనత్త, మేనమామ బిడ్డలలో, పుట్టిల్లు ఎల్లకు ఏ పక్కన ఉందన్నదాన్నిబట్టి ఒకరికి వాటా ఉండేది, మరొకరికి ఉండేది కాదు. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా ఒకే చట్టం వచ్చింది, పెళ్ళి అడ్డూ తొలగింది. నాటికి తండ్రి బ్రతికి ఉండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది.

అయినా పసుపు కుంకుమల కింద ఒక చీర పుచ్చుకుని, రిజిస్ట్రారు ఆఫీసులో అన్నదమ్ముల పేర విడుదల పత్రం మీద వేలిముద్ర వేసి వచ్చే ఆడపడుచులు మన ఊళ్ళలో ఈనాటికీ ఉన్నారు. ఆ కాగితంలో ఏమి రాసి ఉందో చదివి వినిపించమని అడిగేవాళ్ళు మాత్రం తక్కువ.