గోదావరిఖని–రామగుండం గని భూదృశ్యం

పెద్దపల్లి జిల్లాలో గోదావరి కుడి ఒడ్డున, సింగరేణి బొగ్గు తవ్వకాలతో ఆరు దశాబ్దాలకు పైగా రూపు మారుతూ వచ్చిన నేల ఇది. భూగర్భ బాయిలు (గనులు), ఓపెన్‌కాస్టు గుంతలు, వాటి పక్కన లేచిన మట్టిగుట్టలు, కార్మికుల కాలనీలు, నాటి పెంచిన చెట్లు అన్నీ ఇందులో భాగమే. భూదృశ్య నిర్మాణమంటే కోటల్లోని తోటలో, నగరాల్లోని పార్కులో గుర్తుకొస్తాయి. మనుషులు పనిచేస్తూ చేస్తూ కొత్తగా మలిచిన నేలకూ ఆ పేరు చెల్లుతుంది. ప్రపంచ వారసత్వ జాబితాలో 1992లో చేరిన ‘సాంస్కృతిక భూదృశ్యం’ అన్న వర్గం ఇటువంటి ప్రదేశాలకూ చోటిచ్చింది.

1871 ప్రాంతంలో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. ఇంగ్లండులో 1886లో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ అక్కడ 1889లో తవ్వకం మొదలుపెట్టింది. ఆ కంపెనీ ఆస్తులు 1920 డిసెంబరు 23న ఏర్పడిన సింగరేణి కాలరీస్ చేతికి వచ్చాయి. గనులు గోదావరి ఒడ్డున ఈ ప్రాంతానికి చేరేసరికి 1960ల ఆరంభం. అప్పటివరకు రామగుండం అంటే గుట్ట మీద నీరు నిలిచే రామునిగుండాలు, చుట్టూ అడవి, చిన్న చిన్న పల్లెలు. గనులతో వచ్చిన గోదావరిఖని పట్టణం పేరులో నదీ, గనీ రెండూ ఉన్నాయి.

మొదటి తరం బాయిలన్నీ భూగర్భంలోనివే. ఏటవాలుగా నేలలోకి దిగే దారిని ఇంక్లైన్ అంటారు. బొగ్గు తీసిన ఖాళీలు కుంగకుండా గోదావరి ఇసుకను నీటితో కలిపి గొట్టాల ద్వారా లోపలికి పంపి నింపేవారు. అంటే నది కొంత బాయిలోకి వెళ్లింది. పైన కనిపించే గుర్తులు తక్కువ: బాయి ముఖద్వారం, లాంప్ రూము, కన్వేయర్ బెల్టు. ఊళ్ల పేర్లలో మాత్రం ఆ కాలం స్పష్టంగా మిగిలింది. ఎనిమిదో ఇంక్లైన్ పక్కన లేచిన కాలనీ జనం నోట ‘యైటింక్లైన్ కాలనీ’ అయింది. తవ్వకానికి నూరేళ్లు నిండిన గుర్తుగా సెంటినరీ కాలనీ వచ్చింది. ఏ శిలాఫలకం కన్నా ఈ పేర్లు నమ్మకమైన చరిత్ర అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. వాటిని మార్చకుండా ఉంచడం కూడా సంరక్షణే.

1970లలో ఓపెన్‌కాస్టు వచ్చాక నేల ఆకారమే మారింది. బొగ్గు పొర మీది మట్టిని, రాయిని పేల్చి, షావెళ్లు, డంపర్లతో ఎత్తి పక్కన పోస్తారు. అలా పోసిన మట్టినే ఓబీ (ఓవర్‌బర్డెన్) అంటారు. బొగ్గుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ మట్టి బయటికొస్తుంది కాబట్టి, చదునైన పొలాల మధ్య గుట్టలు లేచాయి. పల్లెలు, పొలాలు పోగొట్టుకున్న కుటుంబాలకు ఆ గుట్ట గర్వకారణం కాదు. ఈ భూదృశ్యం గురించి రాసేవారెవరైనా ఆ సంగతి చెప్పి తీరాలి.

గుట్టలను పచ్చబరచడంలో ఒక పద్ధతి ఏర్పడింది. మట్టిని మెట్లు మెట్లుగా పోసి వాలు తగ్గిస్తారు. అడుగున రాతి గోడ కడతారు. వాన నీరు మట్టిని కోసుకుపోకుండా చుట్టూ కాలువ తీస్తారు. విడిగా దాచిన పైమట్టిని పరిచి కానుగ, వెదురు, తుమ్మ, టేకు నాటుతారు. గని మూసివేతపై 2009 ఆగస్టులో కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షల రూపాయలు, భూగర్భ గనికి 1 లక్ష లెక్కన ఎస్క్రో ఖాతాలో జమచేయాలంది. సింగరేణి సారథిగా పనిచేసిన ఎన్. బలరామ్ వేల మొక్కలు స్వయంగా నాటి పేరుపొందారు. అయితే పచ్చదనమొక్కటే సంరక్షణ అనుకుంటే గుట్ట ఎందుకు ఉందో మరిచిపోయే ప్రమాదం ఉంది.

ఆ గుర్తును చెరపకుండా కాపాడిన ఉదాహరణలు వేరే దేశాల్లో ఉన్నాయి. జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్‌లో 1985లో మూతపడిన ఇనుప కర్మాగారాన్ని పీటర్ లాట్జ్ కూల్చకుండా 1990లలో ఉద్యానంగా మార్చాడు. ఫ్రాన్సు ఉత్తర ప్రాంతపు బొగ్గు మండలం, దాని రాళ్లగుట్టలతో సహా, 2012లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఇండోనేషియాలోని సవాలుంటో గని పట్టణానికి 2019లో అదే గౌరవం దక్కింది.

ఇక్కడ అటువంటి ప్రయత్నాలు చిన్నగా మొదలయ్యాయి. 2022 డిసెంబరులో ఆర్టీసీ ‘సింగరేణి దర్శన్’ బస్సు నడిపి, సామాన్యులకు గనులు చూపించే ఏర్పాటు చేసింది. విద్యుత్తులోనూ మార్పు వచ్చింది. రామగుండంలోని ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రపు జలాశయం మీద 100 మెగావాట్ల తేలే సౌర పలకలు అదే ఏడాది పూర్తయ్యాయి. మరోవైపు 1971 నాటి 62.5 మెగావాట్ల రామగుండం బీ థర్మల్ విద్యుత్ కేంద్రం 2024లో మూతపడింది. ఊరికి ఆనవాలైన దాని పొగగొట్టం విషయంలో డ్యూయిస్‌బర్గ్ ఉదాహరణను తలుచుకోవలసిన అవసరం ఉంది.

ఇక గుంతల విషయానికొస్తే, ఊరి పేరుతోనే పిలిచిన మేడిపల్లి ఓపెన్‌కాస్టులో ఇప్పుడు బొగ్గు తవ్వడం లేదు. అక్కడ పంప్డ్ స్టోరేజ్ విద్యుత్ కేంద్రం కట్టాలని సింగరేణి ప్రతిపాదించింది. గుంతలో నిలిచిన నీటిని, కరెంటు మిగిలే వేళ ఎత్తైన జలాశయంలోకి తోడి, అవసరమైనప్పుడు టర్బైన్ల మీదుగా తిరిగి గుంతలోకే వదులుతారు.